బొంత కాడ చెప్పుకున్న మాట

(నల్లగొండలో దళిత ఆడోళ్ల సభలో ఒక సంఘం కార్యకర్త మాట్లాడిన మాటలివి. సెల్‌ఫోన్ రికార్డింగు నుంచి ఎత్తి రాసుకున్నాం. ఆమె మాట తీరును మార్చలేదు.)



నాకిచ్చిన కాగితం మీద 'గృహహింస – మహిళల సామూహిక కళ' అని రాసి ఉన్నది. చదివి నవ్వుకున్న. మా వాడల్ల గృహహింస అని ఎవరూ అనరు. 'రాత్రి మళ్ల లొల్లి అయింది' అంటరు. 'చెయ్యి చేసుకున్నడు' అంటరు. కళ అని కూడా అనరు. బొంత కుట్టినం అంటరు, నాటు కాడ పాట ఎత్తుకున్నం అంటరు, గోడకు జాజు పూసినం అంటరు. పేరు లేనందుకు ఈ రెండింటికీ లెక్క లేకుండ పోయింది. తిన్న దెబ్బకూ లెక్క లేదు, చేసిన పనికీ లెక్క లేదు. అందుకని ఆ కాగితం మీది పేర్లు నాకు పరాయిగ అనిపించినా, పక్కన పెట్టను.

మాది పాలమూరు దిక్కు. ఇప్పుడు పాలమూరు ఐదు జిల్లాలయింది, మీ నల్లగొండ మూడయింది. బోర్డులు మారినయి గని వాడ ఊరి బయటనే ఉన్నది.

మా అమ్మ బొంతలు కుట్టేది. పాత చీరెలు నాలుగైదు పొరలుగ పరిచి, మూలలకు రాళ్లు పెట్టి, అంచు నుంచి మొదలుపెట్టి సుట్టూ తిరుక్కుంట నడిమిట్లకు కుట్టుకొస్తరు. ఒక్కామె కుడితే నెల పడుతది. నలుగురు కూసుంటే నాలుగు రోజుల పని. ఎండకాలం, కూలి దొరకని రోజులల్ల, యాప చెట్టు కింద. నాకు చిన్నప్పటి సంది ఒకటి గుర్తుంది. మా అమ్మ మా నాయిన గురించి ఎవరి ముంగటా నోరెత్తకపోయేది. బొంత కాడ మాత్రం చెప్పేది. ఎందుకో పెద్దయినంక తెలిసింది. బొంత కాడ కండ్లు సూది మీద ఉంటయి. ఎవరి మొకం ఎవరూ చూడరు. చేతులకు పని ఉంటది. లేచి పోయే వీలుండదు, లేచి పొమ్మనేటోళ్లూ ఉండరు. మాట దానంతటదే ఎళ్తది. స్టేషన్ల బెంచీ మీద కూసోబెట్టి, ఎదురుంగ మీసాలాయన కూసుని, 'ఏమైంది చెప్పు' అంటే రాని మాట అది.

1993ల ఆంధ్రప్రదేశ్ మహిళా సమతా సొసైటీ మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలల్ల పని మొదలుపెట్టింది. తర్వాత నల్లగొండకూ వచ్చింది. దాని సంఘాలల్ల ఎక్కువమంది మన ఆడోళ్లే. అది సర్కారు పైసలతో నడిచిన కార్యక్రమం, దాని తప్పులు దానికున్నయి. కాని ఒక్క సంగతి ఒప్పుకోవాలె. వచ్చుడు వచ్చుడే పొదుపు కట్టుమనలేదు, అప్పు ఇస్తమని ఆశ పెట్టలేదు. ముందుగాల కూసోండ్రి, మాట్లాడుకోండ్రి అన్నది. మా ఆడోళ్లకు అప్పటిదాంక అట్ల చెప్పినోళ్లు లేరు. 2016 దాటినంక కేంద్రం ఆ కార్యక్రమాన్ని విడిగ నడపడం ఆపేసింది. జీతాలు పోయినయి, ఆఫీసులు పోయినయి. కూసునే అలవాటు మాత్రం కొన్ని వాడలల్ల మిగిలింది. మా వాడ అందుల ఒకటి.

మా బొంత కాడికి ఒక చెల్లె వచ్చేది. పేరు చెప్పను, ఊరు చెప్పను. మూడు దినాలు ఒక్క మాట మాట్లాడలే. నాలుగో దినం చెంగుల నుంచి చినిగిన రవికె చెయ్యి తీసి 'దీన్ని ఈడ పెట్టి కుట్టుండ్రి' అన్నది. ఎవరం ఏం అడగలే. ఎదురుంగ కూసున్న ముసలామె ఇంటికి పోయి, ట్రంకుపెట్టె అడుగున ఉన్న చీరె ముక్క తెచ్చి, దాని పక్కన పెట్టింది. 'నాది ముప్పై ఏండ్ల కిందిది' అన్నది. ముప్పై ఏండ్లు దాచిపెట్టింది చూడుండ్రి! ఆ వారంల ఏడు ముక్కలొచ్చినయి. ఎవరి ముక్క ఏదో బయటోళ్లకు తెల్వదు. కుట్టినోళ్లకు తెలుసు.

ఆ ఏడింటిల ఒక ముక్క మాకు తలకాయ దించుకునేటట్టు చేసింది. ఆ ఇంటాయన మన సభలల్ల మైకు పట్టేటోడు. ఏప్రిల్ 14 వస్తే పొద్దుగాలనే దండ పట్టుకుని విగ్రహం కాడ ఉండేటోడు. కారంచేడు, చుండూరు అని గంటసేపు మాట్లాడేటోడు, వినేటోళ్ల కండ్లల్ల నీళ్లొచ్చేటియి. ఇంటికొచ్చినంక ఏం చేస్తడో ఆ గుడ్డ చెప్పింది.

అప్పుడు మన అన్నలు కొందరు వచ్చిండ్రు. కోపంతోని కాదు, నచ్చజెప్పేటందుకే వచ్చిండ్రు. 'అక్కా, ఇది బయటపెడితే ఊరోళ్లు నవ్వుతరు. మాలమాదిగోళ్లు తాగి పెండ్లాలను కొడుతరని వాళ్లు అనేదే అది. వాళ్ల నోటికి మనమే ఎందుకు అందియ్యాలె? ఉద్యమం దెబ్బతింటది' అన్నరు. ఈ మాట ఇక్కడ నిలబడ్డ అన్నలల్ల కూడా కొందరి మనసుల ఉన్నదని నాకు తెలుసు. దీనికి జవాబు చెప్పకుండ నేను ముందుకు పోను.

ఊరోళ్లు నవ్వుతరన్నది నిజమే. నేను ఒక చెల్లెను తీసుకుని స్టేషనుకు పోయిన. ఏ స్టేషనో వదిలెయ్యుండ్రి. 'మీ వాడలల్ల ఇది మామూలే కదమ్మా, పొద్దున కొట్టుకుంటరు, మాపటికి ఒకటైతరు' అని పంపించిండ్రు. రెడ్డిగారి బిడ్డ పోతే ఆ మాట అనకపోవు. అంటే ఆడమనిషిగ తిన్న దెబ్బ మీద కులం దెబ్బ కూడా పడ్డది. అది చూసి అన్నలు 'చూసినవా, అందుకే పోవద్దంటున్నం' అన్నరు. నేనేమంటనంటే, ఆ పోలీసాయన మాటా అన్నల మాటా చివరకు ఒక్క తావుకే తీసుకపోతున్నయి. ఆమెను తిరిగి అదే ఇంట్లకు పంపుతున్నయి.

వాళ్లిండ్లల్ల కొట్టుకోరా? ఊరి బట్టలు ఉతికిన చాకలి అక్కను అడుగుండ్రి. ఏ దొర ఇంట్ల ఏ దొరసాని చీరెకు నెత్తురు మరకలున్నయో ఆమెకు తెలుసు. వాళ్ల గోడలు ఎత్తున్నయి, ఇంటికి ఇంటికీ నడుమ జాగ ఉన్నది, సప్పుడు బయటికి రాదు. మనది ఒక గోడకు రెండిండ్లు. 2019–21ల జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల పెండ్లయిన ఆడోళ్లల్ల నూటికి దాదాపు 37 మంది మొగని చేతుల హింస ఎప్పుడో ఒకప్పుడు అనుభవించినమని చెప్పిండ్రు. ఇది అన్ని కులాల లెక్క. చెప్పినోళ్ల లెక్క మాత్రమే. ట్రంకుపెట్టెల దాసినోళ్లు ఇందుల ఎంతమంది ఉన్నరో మరి.

బాబాసాహెబ్ మాట చెప్తే అన్నలు వింటరు గదా. 1942 జూలైల నాగపూర్ల దళిత ఆడోళ్ల మహాసభ జరిగింది. అక్కడ ఆయన పెండ్లయిన ఆడోళ్లకు చెప్పిందేంది? మొగనికి దోస్తులెక్క, సమానంగ నిలబడమన్నడు, బానిసగ ఉండనని చెప్పమన్నడు. 1951ల హిందూ కోడ్ బిల్లును నడవనియ్యలేదన్నది ముఖ్యమైన కారణంగ మంత్రి పదవి వదులుకుండు. ఆడోళ్ల సంగతి బయటపెడితే ఉద్యమం దెబ్బతింటదని ఆయన అనుకోలేదు. ఆయన ఫోటో కింద నిలబడి మనమెట్ల అనుకుంటం?

సరే, బొంతను ఏం చేసినం అంటరా. సాయంత్రం ఏడుగురం, ఇంకో పదిమంది కలిసి ఆ మైకాయన ఇంటి ముంగట పరుచుకుని కూసున్నం. తిట్టలే, అరవలే. దీపం పెట్టుకుని కుట్టినం. పాటలు పాడినం. రాత్రి పన్నెండు దాంక. మరునాడు మళ్ల. నాలుగు రాత్రులు. ఆయన మొదలు గుడిసెల్నే ఉన్నడు. రెండోనాడు బయటికొచ్చి తిట్టిండు. మూడోనాడు ఆయన తల్లే వచ్చి సూది అడిగింది. ఆ ముసలామె కోడలి పక్కన కూసుని కుట్టింది చూడుండ్రి, అదీ పంచాయితీ అంటే.

దేశంల ఇంకోచోట ఇట్ల చేసిండ్రా అని నన్ను ఒక చదువుకున్న బిడ్డ అడిగింది, ఆమెనే వెతికి చెప్పింది. 1990ల అమెరికాల, మసాచుసెట్స్ రాష్ట్రం కేప్ కాడ్ అనే తావుల, దెబ్బలు తిన్న ఆడోళ్లు అంగీల మీద వాళ్ల సంగతి రాసి, బొమ్మలేసి, ఊరి నడిమిట్ల దండెం మీద ఆరేసిండ్రట. మొదలు 31 అంగీలు. సచ్చిపోయినోళ్లకు తెల్లది, దెబ్బలు తిన్నోళ్లకు పసుపుపచ్చది, ఇట్ల రంగులు. తర్వాత అది చానా దేశాలకు పాకింది. ఇంకా ముందు, 1973ల చిలీ దేశంల మిలిటరీ రాజ్యమొచ్చినప్పుడు, బిడ్డలను మాయం చేసుకున్న తల్లులు ఆ బిడ్డల బట్టల ముక్కలతోని కూడా బొమ్మలు కుట్టి లోకానికి చూపించిండ్రట. వింటుంటే మనసు నిండింది. ఇంత దూరంల మన చుట్టాలున్నరు.

అయితే దండెం మాట కాడ నాకు ఒక అడ్డం తగిలింది. ఆళ్ల దేశంల దండెం ఇంటెనుక ఉంటది, పక్కింటామెతో ముచ్చట పెట్టుకునే జాగ అది. మన ఊర్లల్ల ఎవరి బట్ట ఎవరు ఉతకాలె, ఎవరి బట్ట ముట్టొద్దు అన్నది కూడా కులమే చెప్పింది. చాకలోళ్లు మన బట్టలు ఉతకకపోయేటోళ్లు, ఉతికితే ఊరు వాళ్లను ఎలేసేది. ఆ దండెం ఆలోచనను తెచ్చి ఊరి నడిమిట్ల కడుతమంటే, ఎవరి వాకిట్ల కడుతం? బతుకమ్మ కూడా గంతే. తెలంగాణ వచ్చినంక 2014ల రాష్ట్ర పండుగ అయింది, మంచిదే. ఊరి బతుకమ్మ కాడికి మనోళ్లను రానియ్యని ఊర్లు నా కండ్లతో చూసిన. అందుకే నేను మన జాగల, మన చేతిల ఉన్న బొంతనే పట్టుకున్న.

పాట సంగతి చెప్పాలె. మన ఆడోళ్లు సావు కాడ శోకం పెడుతరు. రాగం తీసి ఏడుస్తరు. విన్నోళ్లు అది ఏడుపే అనుకుంటరు. చెవి పెట్టి వింటే అది ఫిర్యాదు. అత్తగారింట్ల సచ్చిన బిడ్డ మీద పడి తల్లి శోకం పెడుతుంటే, పెట్టిన కట్నం ఎంత, పండుగకు తోలియ్యంది ఎప్పుడు, అన్నం పెట్టంది ఎన్ని దినాలు, అన్నీ వరుసగ వస్తయి. ఊరంతా నిలబడి వింటది. ఎవ్వరూ ఆపరు, సావు కాడ శోకాన్ని ఆపొద్దు గనక. మన ఆడోళ్లకు పూర్తిగ మాట్లాడే హక్కు ఇచ్చింది సచ్చినంకనేనా అని నాకు కోపమొస్తది. ఆ శోకాన్ని బతికున్నప్పుడే, దెబ్బ తిన్న తెల్లారే, ఆమెతోనే పెట్టించాలె. మా బొంత కాడ నాలుగు రాత్రులు పాడింది ఆ రాగాలే.

పాటతోని, కథతోని ఏమైతది అనేటోళ్లు నెల్లూరును గుర్తు చేసుకోండ్రి. అక్షరదీపం చదువుల పుస్తకంల 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండె. ఊరి ఆడోళ్లు సారా దుకాణం మూయించిన కథ. కళాజాతలు ఊరూర తిరిగినయి. దూబగుంట ఆడోళ్లు, రోశమ్మ, అది విని నిజంగనే సారాను ఆపిండ్రు. 1992ల జిల్లా అంతా లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995ల పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997ల ఎత్తేసిండ్రు. ఇప్పుడు మన వాడ మూలమూలకు బెల్టుషాపు. సర్కారు ఖజానాకు ఆ మందు పైసలు కావాలె, మన వీపులు గట్టివని దానికి తెలుసు. మందే అన్నిటికీ కారణమని నేననను. తాగని మొగోళ్లూ కొడుతున్నరు, మా మైకాయన చుక్క ముట్టడు.

పాట పాడే ఆడమనిషిని చూసి ఎంత భయపడుతరో ఈ జిల్లాకు నేను చెప్పక్కర్లేదు. భువనగిరి బెల్లి లలిత, కురుమ బిడ్డ, తెలంగాణ కళాసమితి పాటగత్తె. 1999 మేల ఆమెను చంపి 17 ముక్కలు చేసి పడేసిండ్రు.

ఇంకొకటి, ఇది మరవొద్దు. కళ అనంగనే మంచిదని అనుకోవద్దు. మా పాలమూరుల, ఊట్కూరు, నారాయణపేట, మక్తల్ దిక్కుల జోగినులను అడుగుండ్రి. జాతరల ఆడించిండ్రు, పెద్దకులపోళ్ల శవం ముంగట ఆడించిండ్రు. ఆడినందుకు మెచ్చుకున్నరు, మాపటికి ఇంటికొచ్చిండ్రు. ఆ ఆటే ఆమె మీద హింస. జోగినిగ విడుసుడును 1988 చట్టం నిషేధించింది. 2015ల అట్రాసిటీ చట్టం సవరించినప్పుడు ఎస్సీ ఎస్టీ ఆడపిల్లను దేవునికి విడుసుడు అందుల నేరమైంది. చట్టంల ఇంత రాసినా, జోగినిని ఆమె ఇంట్లనే ఒకడు కొడితే అది గృహహింస అని నిరూపించుడు మస్తు కష్టం. వాడు మొగడు కాదు, ఇంకోతాన పెండ్లాం ఉన్నోడు. పెండ్లయినోడని తెలిసి ఉన్న బంధాన్ని ఆ చట్టం కిందికి తీసుకోలేమని 2013ల సుప్రీంకోర్టు ఒక తీర్పుల చెప్పింది. జోగిని తెలిసి ఎంచుకున్నదా? ఆమెను అయిదేండ్లకో ఆరేండ్లకో విడిసిండ్రు! శవం ముంగట ఇక ఆడనన్న జోగినులు మా దిక్కు ఉన్నరు. ఆ ఆడనన్నదాన్ని కూడా నేను కళల లెక్కనే పెడుత.

ఇక మా తప్పు ఒకటి చెప్పుకోవాలె. చెప్పకపోతే మీరూ చేస్తరు. ఒక చెల్లె నెత్తురంటిన జాకెటు తెచ్చింది. మేం ఉతికి, ముక్క కోసి, బొంతల కుట్టినం. నెల తిరగక ముందే ఆమె కేసు పెడుతనన్నది. సాక్ష్యం ఏదమ్మా అని అడిగిండ్రు. సాక్ష్యం మా బొంతల ఉన్నది, ఉతికిన సాక్ష్యం. ఆ చెల్లె మమ్మల్ని ఒక్క మాట అనలే. ఆమె ఊకున్నదే నాకు ఇప్పటికీ ముల్లు లెక్క గుచ్చుతది.

కాబట్టి చెప్తున్న. నెత్తురంటిన బట్టను ఉతకొద్దు, కొయ్యొద్దు, కుట్టొద్దు. ఆరినంక కాగితం సంచిల పెట్టాలె, ప్లాస్టిక్ కవర్ల వద్దు, ముక్కిపోతది. ముందు సర్కారు దవాఖానకు పోయి ఎం.ఎల్.సి. రాయించాలె. డాక్టరు 'జారి పడ్డదని రాయనా' అంటే వద్దు, కొట్టిండని రాయమని చెప్పాలె. 181కి ఫోను చెయ్యొచ్చు. జిల్లాల సఖి కేంద్రం ఉన్నది, రక్షణ అధికారి ఉంటరు. 2005 చట్టం కింద రిపోర్టు రాయించాలె. ఆ చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలుల ఉన్నది. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా ఆమె ఉంటున్న ఇంట్ల నుంచి ఆమెను ఎళ్లగొట్టే హక్కు లేదని 17వ సెక్షన్ చెప్తది. రాత్రిపూట బిడ్డలతోని అరుగు మీద కూసున్న ఆడమనిషికి ఇది తెలియాలె. ఇందిరమ్మ ఇల్లు ఆమె పేరు మీదనే ఉంటే ఇంకా మంచిది. దరఖాస్తు ఇచ్చినంక మూడు దినాలల్ల మొదటి వాయిదా పడాలె, అరవై దినాలల్ల తేల్చే ప్రయత్నం చెయ్యాలె అని చట్టంల ఉన్నది. అట్ల తేలుతదని మాత్రం నేను మాటియ్యను, కోర్టుల చుట్టూ తిరిగి చెప్పులరిగినోళ్లు మీల ఉన్నరు. ఆడోళ్లకూ, ఎస్సీలకూ వకీలును ఉచితంగ ఇయ్యాలె, ఆదాయం ఎంతున్నా సరే. ఇది అడిగి తీసుకోండ్రి.

బొంత ఇవన్నీ చెయ్యలేదు. బొంత వకీలు కాదు, కూడు పెట్టదు. ఆ ఏడుగురిల ముగ్గురు ఇంకా దెబ్బలు తింటున్నరు. ఇద్దరు తల్లిగారింటికి పోయిండ్రు. ఒకామె కేసు నడుపుతున్నది. మైకాయన పెండ్లాం అదే ఇంట్ల ఉన్నది, ఆమె మీద చెయ్యి లేవక చానా దినాలైంది, రేపటి సంగతి ఆమెనే చెప్పలేనంటది. బొంత చేసిన పని ఒక్కటి. కేసు నడుపుతున్నామె వాయిదాకు పోయిననాడు, ఎనుక ఎప్పుడూ నలుగురు ఉంటున్నరు. కూలి ఇడిసి పోతున్నరు.

ఒకసారి పట్నం నుంచి ఒక సంస్థోళ్లొచ్చిండ్రు. బొంత చూసి మురిసిండ్రు. ఎగ్జిబిషన్ల పెడుతం, ఒక్కో ముక్క కింద పేరు, ఫోటో పెడుతం, కొనేటోళ్లున్నరు అన్నరు. మంచి మనుషులే. మా ముసలామె అడిగింది, 'అమ్మితే ఆ పైసలు ఎవరియి? ఫోటో చూసి నా మొగడు కొడితే మీరొస్తరా?' అని. ఆళ్లకు జవాబు దొరకలే. అందుకే నేను పేర్లు చెప్పలే. చూపించాల్నా వద్దా అని చెప్పాల్సింది ముక్క పెట్టినామె ఒక్కతె. ఒకామె వద్దన్నా సరే ఆ బొంత వాడ దాటొద్దు. మా బొంత దాటలే. ఈ సభకు కూడా తేలే. తెమ్మని అడిగిండ్రు, ఒకామె వద్దన్నది.

మరి ఇక్కడ ఏం చేస్తమంటే, అన్నం తిన్నంక ఆ ఎనుక రూముల కొత్తది మొదలుపెడుతం. పాత చీరెలు తెమ్మని ముందే చెప్పినం, తేనోళ్లకు మా దగ్గర ఉన్నయి. సూదులు ఇరవై ఉన్నయి. ఏం చెప్పకున్నా పర్వాలేదు, ఉత్తగ వచ్చి కూసోండ్రి. తలుపు దగ్గరికి ఏస్తం, ఫోన్లు బయట పెట్టాలె. అన్నలు పిల్లలను పట్టుకుని ఈ హాల్ల ఉండుండ్రి. చాయ కూడా మీరే పెట్టాలె, పాలు, పొడి ఆ గంప కింద ఉన్నయి.